ఇంటి నుంచే ఉద్యోగం, ఒళ్లో బిడ్డ: తృప్తి ఎందుకు దొరకడం లేదు, ప్రార్థన ఎక్కడ నిలబడుతుంది

మీరు అడిగింది ఇది. చిన్నదానికి పద్నాలుగు నెలలు, పెద్దవాడికి ఐదేళ్లు. రోజుకు ఎనిమిది గంటల ఉద్యోగం, అదీ ఇంటి నుంచే. పనిలో ఉంటే పిల్లల్ని పట్టించుకోవడం లేదన్న బాధ, పిల్లల దగ్గరుంటే పని మిగిలిపోయిందన్న దిగులు. పొద్దున ప్రార్థనకు కూర్చుంటే మనసు నిలవడం లేదు, ఈ మధ్య కూర్చోవడమే మానేశారు. "నా నమ్మకం తగ్గిపోయిందా, లేక నాలోనే ఏదో లోపం ఉందా?" అన్నారు.

నా సమాధానం ముందే చెబుతాను: రెండూ కావు. ఏదో ఒకటి ముగిసిన తర్వాతే మనిషికి తృప్తి కలుగుతుంది. బయటికి వెళ్లి ఉద్యోగం చేసేవాళ్లకు ఆ ముగింపు దారిలోనే దొరికిపోతుంది. సీట్లోంచి లేచి ఇల్లు చేరేలోపు ఆఫీసు వెనకబడిపోతుంది. మీకు ఆ దారి లేదు. గట్టు తెగిన మడిలో నీళ్లలా పని పిల్లల వేళలోకి, పిల్లలు పని వేళలోకి, రెండూ కలిసి నిద్రలోకి పారుతున్నాయి. ఏ పనీ ముగియడం లేదు కాబట్టి ఏ పనీ తృప్తినివ్వడం లేదు. ముందు రోజుకు గట్లు వేసుకోవాలి. ప్రార్థనకు వేరే వేళ వెతకడం మానేసి, దాన్ని ఆ గట్ల మీదే నిలబెట్టాలి. ఈ వరుస ముఖ్యం. తిరగేసి, ముందు భక్తి పెంచుకుంటే రోజు దానంతటదే సర్దుకుంటుందని మొదలుపెట్టినవాళ్లకు కొన్నాళ్లలోనే ఇంకో అపరాధభావం తోడవుతుంది.

అన్నిటికంటే ముందు ఒంటి సంగతి చూసుకోండి. ప్రసవం తర్వాత మొదటి రెండు వారాల్లో ఏడుపు, చిరాకు చాలామందికి వస్తాయి, వాటంతటవే తగ్గుతాయి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా నెలల తర్వాత కొత్తగా మొదలైతే, అది ప్రసవానంతర డిప్రెషన్ కావచ్చు. బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టకపోవడం, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోవడం, బిడ్డకు ఏదో అయిపోతుందన్న భయం ఆగకపోవడం, "నేను లేకపోతేనే వీళ్లకు మంచిది" అన్న ఆలోచన రావడం దాని గుర్తులు. ప్రార్థనలో మనసు నిలవకపోవడం, దేవుడు దూరమైనట్టు అనిపించడం కూడా ఈ జబ్బులో మామూలే. దాన్ని భక్తిలోపం అనుకుని ఒక్కరే మోస్తే వైద్యం ఆలస్యమవుతుంది.

ఈ డిప్రెషన్‌ను గుర్తించడానికి ఎడిన్‌బరా స్కేల్ అని 1987లో తయారైన ప్రశ్నాపత్రం ఒకటి ఉంది. పది ప్రశ్నలు, గత ఏడు రోజుల గురించి, అయిదు నిమిషాల్లో అయిపోతుంది. గైనకాలజిస్టును అడిగితే చేయిస్తారు. అందులో పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచన గురించి. దానికి జవాబు "ఎప్పుడూ లేదు" కాకపోతే, మొత్తం స్కోరు ఎంతైనా సరే, ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి. దాంతోపాటు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు అడగండి. ప్రసవమైన ఏడాదిలోపు కొందరికి థైరాయిడ్ గ్రంథి వాచి తర్వాత మందగిస్తుంది. ఆ అలసట, ఆ దిగులు బయటికి అచ్చం బద్ధకంలానే కనిపిస్తాయి. ఐరన్ తక్కువైనా అంతే. ఇవి మాత్రలతో బాగయ్యేవి, వాటి కోసం మనసును నిందించుకోవద్దు.

ఇక గంటల లెక్కకు వద్దాం. ఏడాది నుంచి రెండేళ్ల మధ్య పిల్లలకు, పగటి కునుకులతో కలిపి, రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. మూడు నుంచి అయిదేళ్లవాళ్లకు 10 నుంచి 13. మీ చిన్నది రాత్రి పదకొండు గంటలు పడుకుంటుందనుకుంటే పగలు మిగిలేది మామూలుగా రెండు గంటలు, మహా అయితే మూడు. పైగా పద్నాలుగు నెలలంటే పగలు రెండు కునుకుల నుంచి ఒక్కదానికి మారే వయసు. ఈ మార్పు జరిగే వారాల్లో ఏ రోజు ఎప్పుడు పడుకుంటుందో చెప్పలేం. అంటే ఎనిమిది గంటల పనిలో ఆరు గంటలు బిడ్డ మెలకువగానే ఉంటుంది. ఆ ఆరు గంటలు ఇంకో మనిషి చూడాలి. భర్త కావచ్చు, పెద్దవాళ్లు కావచ్చు, డబ్బిచ్చి పెట్టుకున్న మనిషి కావచ్చు, క్రెష్ కావచ్చు. ఎవరూ లేకుండా ఆ ఆరు గంటల్నీ ఓపికతో, ప్రణాళికతో, భక్తితో పూడ్చలేరు. నాకు తెలిసి తల్లులు తమలో లోపమనుకునే వాటిలో ఎక్కువ భాగం ఇలా కుదరని కూడికలే.

ఒక కాగితం మీద మీ రోజును అరగంటల గళ్లుగా గీయండి. ప్రతి గడిలో బిడ్డ బాధ్యత ఎవరిదో ఒక్క పేరే రాయండి. "ఇద్దరం చూసుకుంటాం" అని రాస్తే ఆ గడి మీదే అవుతుంది. మీ పేరు, మీ పనివేళ ఒకే గడిలో పడ్డ చోటల్లా ఎర్రగా గుర్తు పెట్టండి. రోజుకు ఎర్ర గళ్లు నాలుగు లోపల, అంటే రెండు గంటల లోపల ఉంటే కిందా మీదా పడి నెట్టుకు రావచ్చు. అంతకు మించితే మారాల్సింది ఏర్పాటు. మనిషిని పెంచాలి, లేదా పనిగంటలు తగ్గించాలి, లేదా కొంత పనిని తెల్లవారుజాముకో రాత్రికో జరపాలి. జరిపిన పని నిద్రలోంచి వస్తుంది కాబట్టి వారంలో రెండు రాత్రులకు మించి ఆ దారి పట్టొద్దు.

ఉన్న గంటల్ని ఎలా వాడాలన్నది తర్వాతి సంగతి. మీ ఉద్యోగంలోని పనుల్ని మూడుగా విడదీసుకోండి: తల ఎత్తకుండా చేయాల్సినవి, మధ్యలో లేచినా పాడవనివి, మీటింగులు. బిడ్డ నిద్రపోగానే మొదటి రకం మొదలుపెట్టాలి. సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు. బిడ్డ పడుకోగానే చెదిరిన ఇల్లు కనిపిస్తుంది, ఓ అరగంట సర్దుడు, తర్వాత మెయిల్స్, అసలు పని తెరిచేసరికి ఏడుపు. ఇల్లు సర్దడం, బట్టలు మడవడం పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు వాళ్ల పక్కనే చేయవచ్చు. పద్నాలుగు నెలల బిడ్డకు బుట్టలోంచి రుమాళ్లు తీసి మళ్లీ వేయడమే ఒక ఆట. కునుకు వేళలో ఆ పనులు ముట్టుకోవద్దు.

మధ్యలో లేవక తప్పదు కదా. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే మనసులో కొంత భాగం మొదటి పనిలోనే చిక్కుకుని ఉంటుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. మీరు పిల్లల దగ్గర కూర్చున్నా అక్కడ లేనట్టు ఉండటానికి ఇదే కారణం. దీనికో చిన్న ఉపాయం ఉంది. లేవబోయే ముందు పది సెకన్లు ఆగి, కాగితం మీద ఒక్క వాక్యం రాయండి. ఏం చేశారో వద్దు, తిరిగి రాగానే చేయాల్సిన మొదటి పని రాయండి. "మూడో పట్టికలో మొత్తాలు సరిచూసి పంపాలి" అన్నట్టు. "రిపోర్టు" అని రాస్తే పనికిరాదు, తిరిగి వచ్చాక మళ్లీ ఆలోచించాల్సి వస్తుంది. ఏడుపు వినిపిస్తుంటే పది సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, తెలుసు. బిడ్డ ప్రమాదంలో లేదని కంటితో చూసుకున్నాక ఆ పది సెకన్లు తీసుకోవచ్చు.

పెద్దవాడి విషయం వేరు. ఐదేళ్లవాడికి "ఇప్పుడే వస్తా నాన్నా" అన్న మాట గంటకు పదిసార్లు వినిపిస్తే, ఆ మాటకు విలువ పోతుంది. వాడు మరింత గట్టిగా, మరింత తరచుగా వస్తాడు. ఇసుక గడియారమో, మోగే టైమరో వాడి ముందు పెట్టి "ఇది మోగగానే నేను లేచి నీ దగ్గరికొస్తా" అనండి. మొదటి వారం పది నిమిషాలకే పెట్టండి. మోగిన క్షణంలో నిజంగా లేవండి, వాక్యం మధ్యలో ఉన్నా సరే. ఈ ఏర్పాటు మొత్తం దాని మీదే నిలబడుతుంది. వచ్చాక అయిదు నిమిషాలు వాడిదే రాజ్యం, ఫోను చేతిలో ఉండకూడదు. మాట నిలబడుతుందని వాడికి నమ్మకం కుదిరాక పదిహేను, ఇరవై, ఇరవై అయిదు నిమిషాల దాకా మెల్లగా పెంచవచ్చు. తలుపుకు ఎర్ర రిబ్బను కట్టడం, తలకు హెడ్‌సెట్ పెట్టుకోవడం లాంటి గుర్తులు మూడేళ్లు దాటినవాళ్లకు అర్థమవుతాయి. చిన్నదానికి అవి తెలియవు. పైగా ఎనిమిది తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర వరకు తల్లి కనుమరుగైతే తల్లడిల్లడం ఆ వయసు లక్షణం. గాజు తలుపు అవతల మీరు కనిపిస్తుంటే ఆ ఏడుపు ఇంకా పెరుగుతుంది. చూసుకునే మనిషి ఉన్నప్పుడు బిడ్డకు కనిపించని గదిలో కూర్చోవడమే ఇద్దరికీ మేలు. అయితే చెప్పకుండా జారుకోవద్దు, టాటా చెప్పి వెళ్లాలి.

వీడియోల గురించి కూడా అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సలహా ఏమిటంటే, ఏడాది వయసులో తెర వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వరకు రోజుకు గంటకు మించకూడదు. అలవాటుగా మారకుండా చూసుకోండి. తప్పనిసరి మీటింగ్ కోసం ఒక రోజు ఇరవై నిమిషాలు పెట్టినంత మాత్రాన బిడ్డ జీవితం పాడైపోదు. ఆ ఇరవై నిమిషాల కోసం రాత్రంతా కుమిలిపోయే తల్లికి మరుసటి రోజు బిడ్డకు ఇవ్వడానికి ఏమీ మిగలదు.

ఇక్కడే అపరాధభావం గురించి చెప్పాలి. దాన్ని మొత్తంగా తరిమేయాలని చూడకండి, రెండు రాశులుగా విడదీయండి. రాత్రి ఒక కాగితం మీద ఆ రోజు బాధపెట్టినవి రాసి, ఒక్కొక్కదాని పక్కన "రేపు దీనికి నేను చేయగలిగే పని ఉందా?" అని ప్రశ్నించుకోండి. "కోపంలో అరిచాను" అన్నదానికి చేయగలిగిన పని ఉంది. "పక్కింటి బిడ్డ ఇప్పటికే మాట్లాడుతోంది, మాది మాట్లాడటం లేదు, నా ఉద్యోగం వల్లేనేమో" అన్నదానికి ఒక్క పనే ఉంది. పిల్లల డాక్టరును అడగడం. అడిగాక అది ముగిసిన విషయం. "నేను మంచి తల్లిని కాదు" అన్నదానికి చేసే పని ఏదీ లేదు, ఎందుకంటే అది జరిగిన సంగతి కాదు, తీర్పు. ఆ వాక్యాన్ని కొట్టేయండి. నమ్మకం ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక ఆసరా ఉంది: తీర్పు చెప్పే పని మీది కాదు.

అరిచారు, తర్వాత ఏం చేయాలి? ముప్పై నిమిషాల్లోపు, లేదా మీ గుండె దడ తగ్గగానే, నేల మీద వాడి ఎత్తులో కూర్చోండి. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పండి: "నేను గట్టిగా అరిచాను. నీకు భయమేసింది. అలా అరవడం నా తప్పు." అక్కడితో ఆపండి. "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెడితే క్షమాపణ కాస్తా ఆరోపణ అవుతుంది. "అమ్మను క్షమించావా?" అని పదేపదే అడగొద్దు, మీ మనసును ఓదార్చే బరువు వాడి మీద పడుతుంది. వాడు దగ్గరికొస్తే పట్టుకోండి, రాకపోతే పక్కనే ఉండండి. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వవేత్త తల్లీబిడ్డల ముఖాముఖిని వీడియో తీసి క్షణక్షణం గమనించారు. మామూలు ఆరోగ్యకరమైన జంటల్లో కూడా ఇద్దరూ శ్రుతి కలిసి ఉండేది మూడో వంతు సమయం మాత్రమేనని తేలింది. మిగతాదంతా తప్పడం, మళ్లీ కలవడం. ఆ మళ్లీ కలవడమే బిడ్డకు బలం. కాబట్టి మీరు లెక్కపెట్టుకోవాల్సింది ఎన్నిసార్లు తప్పారని కాదు, ఎన్నిసార్లు తిరిగి వెళ్లారని.

ఇప్పుడు ప్రార్థన. మీరు పాత పద్ధతినే పట్టుకుని వేలాడుతున్నారు: తెల్లవారుజామున, స్నానం చేసి, అరగంట, నిశ్శబ్దంగా. అది పిల్లలు పుట్టక ముందటి దినచర్యకు సరిపోయిన రూపం. రూపం కుదరనప్పుడు నమ్మకమే పోయిందనుకున్నారు. మతాలేవీ చంటిబిడ్డ తల్లిని ఆ రూపంలో పెట్టి చూడలేదు. పాలిచ్చే తల్లి తనకో బిడ్డకో హాని అవుతుందని భయపడితే రంజాన్ ఉపవాసం వాయిదా వేసుకోవచ్చని ఇస్లాం చెబుతుంది. ప్రసవం తర్వాతి రక్తస్రావం రోజుల్లో నమాజు నుంచి మినహాయింపు ఉంది, ఆ నమాజులు తర్వాత పూర్తి చేయనక్కర్లేదు కూడా. యూదు సంప్రదాయం వేళ ప్రకారం చేయాల్సిన విధుల్లో చాలావాటి నుంచి స్త్రీలను మినహాయించింది. గీత తొమ్మిదో అధ్యాయం ఇరవయ్యారో శ్లోకంలో అడిగింది ఒక ఆకు, ఒక పువ్వు, ఒక పండు, కొంచెం నీళ్లు, అంతే. క్రైస్తవంలో పదిహేడో శతాబ్దపు బ్రదర్ లారెన్స్ పారిస్ మఠంలో వంటశాల పని చేస్తూ, గిన్నెల చప్పుడు మధ్య కూడా దేవుడి సన్నిధిలో ఉండటమే తన సాధన అన్నాడు. మరాఠీ భక్తకవయిత్రి జనాబాయి నామదేవుడి ఇంట్లో పనిమనిషి. ఆమె అభంగాల్లో, అంటే భక్తిగీతాల్లో, విఠలుడు వచ్చి ఆమెతోపాటు తిరగలి తిప్పుతాడు. ఈ ఇద్దరూ పని ముగిశాక వేరే వేళ దొరుకుతుందని ఎదురుచూడలేదు.

చేయాల్సింది ఇలా. మీ సంప్రదాయంలోంచి ఒక్క వాక్యం ఎంచుకోండి. నామం కావచ్చు, శ్లోకపాదం కావచ్చు, వచనం కావచ్చు, జిక్ర్ (అల్లాహ్ నామస్మరణ) కావచ్చు. ఒక శ్వాసలో అనగలిగేంత చిన్నది. నిద్రమత్తులో కూడా తడుముకోకుండా నోటికి రావాలి. నెల రోజులు దాన్ని మార్చకండి. దాన్ని గడియారానికి కట్టొద్దు, పసిబిడ్డ ఉన్న ఇంట్లో గడియారం ప్రకారం ఏదీ జరగదు. జరిగే పనులకు కట్టండి. మీకు మూడు చోట్లు చాలు: ల్యాప్‌టాప్ మూత తెరిచే ముందు, బిడ్డను పాలకో నిద్రకో ఒళ్లోకి తీసుకున్నప్పుడు, ల్యాప్‌టాప్ మూత మూసిన వెంటనే. "వీలైనప్పుడు ప్రార్థిస్తా" అన్న సంకల్పం కంటే "మూత మీద చెయ్యి పడగానే ఈ వాక్యం అంటా" అన్న సంకల్పం ఎక్కువ నిలబడుతుంది. పీటర్ గాల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లో వివరించిన సంగతే ఇది. ఏ సందర్భంలో ఏం చేయాలో ముందే జత కట్టి పెట్టుకుంటే, ఆ సందర్భమే గుర్తు చేస్తుంది.

మూత మూసే సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం. రోజంతటికీ అతి ముఖ్యమైన గట్టు అదే, అతి తేలిగ్గా తెగేదీ అదే. ఏడు నిమిషాలు కేటాయించండి. మొదటి మూడు నిమిషాల్లో మిగిలిన పనులన్నీ ఒక కాగితం మీద దించేయండి, రేపు మొదట చేసేదాని కింద గీత గీయండి. తర్వాతి నిమిషంలో పొద్దున రాసుకున్న ఈ రోజు హద్దు చూడండి. హద్దు అంటే, పొద్దున కూర్చోగానే "ఈ రోజుకు ఈ రెండు పనులయితే నాకు చాలు" అని రాసుకున్న వాక్యం. ఎంత అయితే చాలునో ముందే రాయకపోతే, సాయంత్రం అలసిన మనసు ఆ గీతను ఎప్పుడూ మీకు అందనంత దూరంలో గీస్తుంది. ఆ రెండూ అయితే టిక్కు పెట్టండి. కాకపోతే రేపటికి మార్చి, తేదీ వేయండి. చాట్‌లో "ఈ రోజుకు ముగిస్తున్నా, రేపు తొమ్మిదికి చూస్తా" అని పెట్టి నోటిఫికేషన్లు ఆపండి. మూత మూసి, చెయ్యి దాని మీదే ఉంచి, మీ వాక్యం మూడుసార్లు మెల్లగా అనండి. లేచి ముఖం కడుక్కోండి, వీలైతే బట్టలు మార్చుకోండి. పిల్లల దగ్గరికి వెళ్లేది అప్పుడే. కొంతమంది చివరి నిమిషం దాకా పని చేసి, ఒక చేత్తో బిడ్డను ఎత్తుకుని ఇంకో చేత్తో మెయిల్ పంపుతారు. ఆ రోజు వాళ్లకు రాత్రి పదకొండింటికి కూడా ముగియదు.

ఈ సాధన ఎక్కడ చెడుతుందో కూడా చెబుతాను. వారం బాగా జరగగానే వాక్యాన్ని పదిహేను నిమిషాలకు పెంచేస్తారు, ఒక చెడ్డ రోజు రాగానే మొత్తం మానేస్తారు. నెల దాటేదాకా పెంచొద్దు. రెండోది ఫోను. ప్రార్థన కోసమని యాప్ తెరిస్తే పైన ఆఫీసు మెసేజ్ కనిపిస్తుంది, అక్కడితో సరి. వాక్యాన్ని కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ మూతకు అంటించండి. మూడోది లెక్క. ఎన్నిసార్లు అన్నాను, ఎన్నిసార్లు తప్పాను అని పట్టిక రాస్తే దేవుడు కూడా ఇంకో మేనేజర్ అయిపోతాడు. లెక్క రాయకండి. తప్పిందని గుర్తొచ్చిన క్షణమే తిరిగి మొదలయ్యే క్షణం, పరిహారం ఏమీ అక్కర్లేదు. నాలుగోది, ఏమీ అనిపించకపోవడం. వాక్యం అంటారు, లోపల పొడిగా ఉంటుంది. నిద్ర చాలని మనిషికి అనుభూతి మొద్దుబారుతుంది, సంగీతం విన్నా అంతే, ఇష్టమైన మనిషిని చూసినా అంతే. అనుభూతి రాకపోయినా అన్న వాక్యం అన్నదే. నిజానికి ఏమీ తిరిగి రాకపోయినా వెళ్లి నిలబడటాన్నే నేను విశ్వాసం అంటాను. రాత్రి రెండింటికి ఏడ్చే బిడ్డ దగ్గరికి మీరు వెళ్లేదీ అలాగే.

కృతజ్ఞత డైరీ రాయమని ఎవరో చెప్పారని, అది కూడా భారమైందని రాశారు. రోజూ వద్దు, వారానికి ఒక్కసారి చాలు. సోనియా లుబొమిర్‌స్కీ అనే మనస్తత్వవేత్త బృందం చేసిన పరిశోధనలో వారానికి మూడుసార్లు రాసినవాళ్ల కంటే ఒక్కసారి రాసినవాళ్లకే మేలు కనిపించింది. తరచుగా రాస్తే అది తంతు అవుతుంది. మూడు విషయాలు చాలు, కానీ అవి కంటికి కనిపించేంత నిర్దిష్టంగా ఉండాలి. "పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారు" అని కాకుండా "మంగళవారం మీటింగ్ అయ్యాక తలుపు తీస్తే, పెద్దవాడు చెల్లి నోట్లో పెట్టుకోబోయిన బొత్తాం పట్టుకుని నిలబడ్డాడు" అన్నట్టు, ఎవరు, ఏ రోజు, ఏం చేశారో ఉండాలి. ఒక జాగ్రత్త. కోపాన్ని నొక్కేయడానికి కృతజ్ఞతను వాడొద్దు. "నాకు ఇన్ని ఉన్నాయి, నాకు బాధపడే హక్కు లేదు" అన్న వాక్యం మీ డైరీలో కనిపిస్తే ఆ వారం కృతజ్ఞత ఆపి, దేని మీద కోపమో రాయండి. చాలాసార్లు అది ఇంట్లో పని పంపకం దగ్గర తేలుతుంది.

పంపకం గురించి ఒక్కటే ముఖ్యమైన మాట. "ఆయన సాయం చేస్తారు, కానీ నేనే చెప్పాలి" అన్నారు. అలసట ఆ చెప్పడంలోనే ఉంది. అలిసన్ డామింగర్ అనే సామాజికశాస్త్రవేత్త 2019లో ఇంటి ఆలోచనాభారాన్ని నాలుగు మెట్లుగా చూపించారు: రాబోయేది ముందే ఊహించడం, ఉన్న దారులు వెతకడం, నిర్ణయించడం, జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం. టీకానే తీసుకోండి. తేదీ దగ్గరపడిందని గుర్తుండటం, డాక్టరు ఏ వేళల్లో ఉంటారో కనుక్కోవడం, రోజు ఖరారు చేయడం, తర్వాత జ్వరం వస్తుందేమో చూసి కార్డు తిరిగి ఫైల్లో పెట్టడం. మధ్యలో బిడ్డను తీసుకెళ్లడం ఒక్కటే భర్త చేస్తే మీ తలలో బరువు దిగదు. ఒక పనిని నాలుగు మెట్లతో సహా మొత్తంగా అప్పగించండి. మొదట ఒక్కటే. అప్పగించే ముందు ఎంత బాగా జరగాలో ఇద్దరూ కూర్చుని ఒప్పుకోండి, తర్వాత ఆయన పద్ధతిలో వేలు పెట్టకండి. ఒకసారి మర్చిపోతారు. బిడ్డకు ప్రమాదం లేని విషయమైతే ఆ మర్చిపోయిన పనిని మీరు అందుకోవద్దు. అందుకుంటే పని తిరిగి మీ దగ్గరికే వస్తుంది.

మేనేజర్‌తో ఏం మాట్లాడాలో తేలడం లేదన్నారు. పిల్లల కథ చెప్పనక్కర్లేదు, క్షమాపణ అసలే వద్దు. రాతపూర్వకంగా రెండే సంగతులు పంపండి: ఏ గంటల్లో వెంటనే దొరుకుతారు, మిగతా గంటల్లో ఎంతసేపట్లో జవాబిస్తారు. "పది నుంచి ఒంటిగంట, మూడు నుంచి అయిదు వరకు కాల్స్‌కు అందుబాటులో ఉంటాను. మిగతా పనివేళల్లో మెసేజ్‌కు తొంభై నిమిషాల్లోపు జవాబిస్తాను. అత్యవసరమైతే ఫోన్ చేయండి." రోజంతా చాట్‌లో పచ్చచుక్క వెలిగించి కూర్చోవడం కంటే చెప్పిన వేళకు దొరకడమే మీ మీద నమ్మకం పెంచుతుంది. చెప్పిన గంటలు నెల రోజులు తు.చ. తప్పకుండా పాటించండి. ఇంకే మార్పు అడగాలన్నా ఆ తర్వాతే.

వారంలో ఒక పూట, మూడు నాలుగు గంటలు, జీతం పనీ ఇంటి పనీ రెండూ లేకుండా ఉంచండి. మీ సంప్రదాయంలో సామూహిక ప్రార్థన ఉంటే దాన్ని ఆ పూటలో పెట్టండి. పిల్లలతో వెళ్లి వెనక వరసలో కూర్చుని, సగంలో లేచి వచ్చేసినా సరే. ఒంటరిగా నిలపలేని మనసును పదిమంది గొంతులు కాసేపు మోస్తాయి.

చివరిగా, ఇవన్నీ తలకిందులయ్యే రోజు కోసం ఇప్పుడే ఒక కాగితం రాసి పెట్టుకోండి. బిడ్డకు జ్వరం, లేదా చూసుకునే మనిషి రాలేదు, లేదా మీకే ఒంట్లో బాగోలేదు. ఆ కాగితం మీద నాలుగు సంగతులుంటే చాలు. పొద్దున ఎనిమిదిలోపు మేనేజర్‌కు పంపాల్సిన మెసేజ్, ముందే రాసి ఉంచినది. ఆ రోజు తప్పక జరగాల్సిన ఒకే ఒక్క ఆఫీసు పని ఏ రకందై ఉండాలి, అది ఎవరికి అప్పగించవచ్చు. ఫోన్ చేయగలిగిన ఇద్దరి పేర్లు. ఆ రోజు ప్రార్థన: మూడు చోట్లు కాదు, ఒక్కటే, బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టినప్పుడల్లా ఆ ఒక్క వాక్యం. ఈ కాగితాన్ని మంచి రోజునే రాయండి, భర్తకు చూపించి రాయండి, ఇద్దరికీ కనిపించే చోట పెట్టండి. రెండు వారాలు ఈ పద్ధతి నడిపి చూశాక ఎర్ర గళ్లు ఎన్ని మిగిలాయో, మూత మూసే వేళ ఎక్కడ తెగుతోందో రాయండి. అక్కడి నుంచి సరిచేద్దాం.